దర్వాజలో పట్టని మంచం

వడ్ల బ్రహ్మచారికి పెళ్లయింది. ఈ మాట ముందే చెప్పకపోతే మీరు ఆయన్ను సన్యాసి అనుకుంటారు. జగిత్యాల వైపు వడ్లవాళ్లలో, అంటే వడ్రంగుల్లో, ఇలాంటి పేర్లు మామూలే కానీ, సూరత్ వాళ్లకు ఆ సంగతి తెలియదు. గోడాదరాలో ఒక గుజరాతీ ముసలాయన పేరు విని సాధువనుకుని కాళ్లకు మొక్కి అరటిపళ్లు చేతిలో పెట్టాడు. బ్రహ్మచారి వాటిని తీసుకుని భద్రంగా భార్య పద్మారాణికి ఇచ్చాడు. ఆ రోజు నుంచి నేను ఆయన్ను స్వామీ అనే పిలుస్తున్నాను.

ఆయన కథ రాయడానికి నాకన్నా తగినవాడు లేడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మాట నిజమే. అప్పటికే మా పంతులుకు నేను నేర్పవలసినవన్నీ నేర్పేశాను, ఇంకేం పని? ఆ తర్వాత లింబాయత్ నుంచి గోడాదరాకు షేర్ ఆటో నడుపుతూ లోకాన్ని చదివాను. ఒకసారి పెళ్లివారినందరినీ ఒకే ట్రిప్పులో చేర్చాను. పందిరి గుంజలు మాత్రం రెండో ట్రిప్పు. నమ్మని వాళ్లు లింబాయత్‌లో రఘుపతి ఆటో అని అడిగి చూడండి.

బ్రహ్మచారి చిత్రిక పడితే లేచే పొట్టు ఎంత పలచన అంటే, దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని పేపరు చదవవచ్చు. నేను చదివాను. ఫ్యాను వేస్తే ఆ పొట్టు కిటికీలోంచి లేచి తాపీ నది దాటిపోయేది. ఇంత పనితనం తాతల నుంచి వచ్చిందని ఆయన అంటాడు. పనితనం తాతలదే కావచ్చు, ఓర్వలేనితనం మాత్రం ఆయన సొంతం.

సూరత్‌కు వలస వచ్చిన మా తెలంగాణ వాళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాల చెక్క భాగాలు బాగు చేయడానికి ఆయన చిన్న వయసులో సూరత్ వచ్చాడు. సాంచాల్లో ఇనుము పెరిగి చెక్క తగ్గేసరికి, ధనవంతుల ఫ్లాట్లలో ఫర్నిచర్ పనికి మళ్లాడు. ఆ ఓర్వలేని రోగం అక్కడ అంటుకుంది. తన చేత్తో చేసిన వస్తువును ఇంకొకరు వాడుకోవడం ఆయన చూడలేడు. సూరత్‌లోనే వేసు అనే ధనవంతుల పేటలో ఒక సేటు ఇంట్లో ఉయ్యాల బల్ల చేసి వేలాడదీసి వచ్చాడు. పాలిష్ ఆరిందో లేదో చూద్దామని మర్నాడు వెళ్తే, దాని మీద సేటు బనియన్లు ఆరుతున్నాయి.

"నా టేకు మీద బనియన్లు రఘుపతీ!" అని నా ఆటోలో కూర్చుని ఏడుపొక్కటే తక్కువగా చెప్పాడు.

"పైసలిచ్చిండు గదా స్వామీ. ఇగ బల్ల ఆయనది."

"పైసలిచ్చింది చెక్కకు. చెయ్యికి ఎవడిచ్చిండు?"

ఆ కడుపుమంట చల్లారడానికి అలాంటి ఉయ్యాలే తన ఇంట్లో చేసుకున్నాడు. మిగిలిన ముక్కలతో చేశాడు కాబట్టి కొంచెం చిన్నది. ఆ తర్వాత ఎక్కడ ఏం చేసినా ఇంట్లో దానికొక తమ్ముడు పుట్టేవాడు. సేటుకు నలుగురు కూర్చునే సోఫా, ఈయనకు ఒకరున్నర కూర్చునేది. సేటుకు గోడంత అల్మారీ, ఈయనకు మనిషంతది. రెండు గదుల ఇంట్లో ఇన్ని చేరేసరికి అందరూ పక్కకు తిరిగి నడవడం అలవాటు చేసుకున్నారు. వాళ్లింటికి వచ్చిన పిల్లి కూడా బయటికి పోయాక కాసేపు పక్కకే నడిచేది.

పద్మారాణిది ఇంకో రకం మంట. మొగుడు పొద్దున లేచి ముందు అల్మారీ తుడుస్తాడు, ఆ తర్వాతే ఆమె ముఖం చూస్తాడు. తల స్నానం చేసి ఉయ్యాల మీద కూర్చుంటే, "తడి జుట్టు! వార్నిష్ పోతది, లే!" అంటాడు. ఆమె జుట్టు సంగతి అడగడు.

"నాకు సవతులు తమ్మీ," అని నాతో అనేది. "రెండు కాళ్ల సవతైతె జుట్టు పట్టి కొట్లాడుదును. నాలుగు కాళ్లదాన్ని ఏడ పట్టాలె?"

కరోనా వచ్చిన ఏడాది, మొదటి లాక్‌డౌన్‌లో, ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద సవతి పుట్టింది.

ఖాతాలన్నీ మూతపడ్డాయి. ఖాతా అంటే ఇక్కడ బ్యాంకుది కాదు, సాంచాలు నడిచే షెడ్డు. మా వాళ్లు రైళ్లల్లో, లారీల్లో, దొరికిన దాంట్లో ఊళ్లకు పోయారు. బ్రహ్మచారి కదల్లేదు. తను పోతే ఉయ్యాల మీద ఎవడు కూర్చుంటాడోనని ఆయన భయం. అంతకు ముందే ఒక ఖాతాలో పాత సాంచాలు తుక్కుకు అమ్ముతుంటే వాటి టేకు చెక్క తెచ్చి ఇంట్లో పేర్చుకున్నాడు. నూనె తాగి తాగి నల్లబడిన చెక్క అది. తలుపులు బిగించుకుని, బయట లోకం ఏమైపోతోందో పట్టనట్టు, దాంతో ముందు గదిలో పేటీ పలంగ్ చేశాడు. కింద సామాను పెట్టుకునే పెట్టె, పైన పడక, తల వైపు చెక్కిన పలక. సూరత్‌లో ప్రతి ఇంట్లో ఉండే రకమే, కానీ అంత అందమైనది నేను చూడలేదు. నేను చూడటమంటే మామూలు మనిషి చూడటం కాదు, సూరత్‌లో నేను ఎక్కని మేడ లేదు.

సుత్తె చప్పుడు విని, దొంగచాటుగా ఖాతా నడుస్తోందనుకుని ఒక పోలీసాయన లాఠీతో లోపలికి వచ్చాడు. మంచాన్ని చూశాడు. లాఠీ పక్కన పెట్టి, "జర బైఠూఁ క్యా?" అని కూర్చున్నాడు. పాపం, ఎన్ని రోజుల నిలువు డ్యూటీయో, కూర్చున్నవాడు అలాగే వాలి నిద్రపోయాడు. ఆ పూట గోడాదరాలో కర్ఫ్యూ లేదని పిల్లలు క్రికెట్ ఆడుకున్నారు. బ్రహ్మచారి మాత్రం ఆయన తల దగ్గర నిలబడి, "సాబ్, ఉఠో సాబ్, కేసు రాసుకోండ్రి, జైల్ల వెయ్యిండ్రి, మంచం మీదికెల్లి లేవుండ్రి" అని బతిమాలాడు.

ఇక అసలు సంగతి. మరుసటి ఏడు, రెండో విడత కరోనా తగ్గి వానలు పడుతున్నప్పుడు, సూరత్ దాటాక వచ్చే కిమ్‌లో కొత్త ఖాతా కట్టిన ఒక సేటు బ్రహ్మచారిని పిలిచాడు. ఆఫీసుకూ క్వార్టర్లకూ చెక్కపని చాలా ఉంది, అక్కడే ఉండాలి, పాత గోదాములో ఒక గది ఇస్తానన్నాడు. ఫ్లాట్లలో పని లేక, మాస్కు పెట్టుకున్నా బయటి మనిషిని ఎవరూ ఇంట్లోకి రానీయక కూర్చున్న రోజులవి. వెళ్లక తప్పదు. గోడాదరా ఇల్లు కిరాయికి ఇవ్వాలి. ఇక్కడ మొగుడూ పెళ్లాల మధ్య యుద్ధం మొదలైంది.

"సామాన్ తోటే ఇద్దాం," అంది పద్మారాణి. "కిరాయి ఎక్కువస్తది. నేను కిమ్‌ల చాప మీద పండుత, హాయిగ."

"ఖాలీ ఇల్లే ఇస్తా," అన్నాడు ఆయన. "గోడలు వాడుకొమ్మను. గోడలు నేను చెయ్యలే."

"మరి గివన్ని ఏడ వెడ్తవు? నెత్తిన పెట్టుకుంటవా?"

"మా ఇంట్ల పెట్టు స్వామీ," అన్నాను నేను. మంచి మనసుతోనే అన్నాను.

బ్రహ్మచారి నా వైపు చూసిన చూపుకు, నేను కాబట్టి తట్టుకున్నాను, ఇంకొకడైతే బూడిదయ్యేవాడు. "నీ ఇంట్లనా? నువ్వు పండుకోవా దాని మీద?"

"పండుకుంటె ఏమైతది?"

"గదే. గదే నేను అనేది."

చివరికి చిన్న వస్తువుల మీద బలవంతంగా మనసు చంపుకున్నాడు. సోఫా ఉండనీ, అల్మారీ ఉండనీ, ఉయ్యాల కూడా ఉండనీ. మంచం మాత్రం కిమ్‌కు రావాలన్నాడు. గోదాము గదికి షట్టరుంది, ఏనుగైనా పడుతుంది. నలుగురం మంచాన్ని లేపాం. దర్వాజ దగ్గరికి తీసుకువెళ్లాం. నిలువుగా పెట్టాం, పట్టలేదు. అడ్డంగా తిప్పాం, పట్టలేదు. ఏటవాలుగా వంచాం, తల పలక మీద గీత పడుతుందని బ్రహ్మచారి కేకలు పెట్టాడు.

"మరి గిది లోపలికి ఎట్ల వచ్చింది స్వామీ?"

ఆయన నుదురు రుద్దుకుని మెల్లగా అన్నాడు. "లోపలికి రాలే. ఇంట్లనే పుట్టింది."

జన్మంతా ఊరివాళ్ల తలుపులు కొలిచినవాడు, తన తలుపు కొలవడం మరిచిపోయాడు. లాక్‌డౌన్‌లో బయటికి పోయే ఆలోచనే ఎవరికీ లేదు, మంచానికి మాత్రం ఎందుకుంటుంది? విప్పుదామంటే, జిగురు పెట్టి చెక్క చీలలు దిగ్గొట్టాడు, విప్పితే విరుగుతుంది. పద్మారాణి ఆ రోజు పాయసం వండింది. ఎందుకని అడిగితే ఊరికే అంది.

ఇలా సామానుతోనే ఇల్లివ్వడం ఖాయమైంది. మనుషులను తెచ్చే పని నాది. తెచ్చాను, ఒకరి తర్వాత ఒకరిని. ప్రతివాడికీ బ్రహ్మచారి ఒక వంక పెట్టాడు. ఒకడు తలకు నూనె ఎక్కువ రాస్తాడు. ఒకడు మంచం మీద అన్నం తినే ముఖంలా ఉన్నాడు. ఒకడి దగ్గర శానిటైజర్ డబ్బా ఉంది, అది వార్నిష్‌ను తినేస్తుంది. వంకలు అయిపోయాక ఆయం బయటికి తీశాడు.

"మా వడ్లోళ్లల్ల మంచానికి, దర్వాజకు ఆయం చూస్తరు," అని వచ్చినవాళ్లకు బోధ చేసేవాడు. "టేపుతోటి కొలువం. ఎవరి కోసం చేస్తమో వాళ్ల జానతోటి కొలుస్తం. బొటనేలు కాడికెల్లి చిటికెనేలు దాక చాపితె జాన. ఆ లెక్క వాళ్ల పేరుకు కలిస్తెనె చెక్క మీద రంపం పెడ్తం. గా మంచం ఇంకొకరికి అచ్చిరాదు. మీ మంచికే చెప్తున్న."

మంచికే అనుకుని అందరూ వెళ్లిపోయారు. కిమ్ సేటు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. రాకపోతే ఇంకొకడిని పెట్టుకుంటానన్నాడు. పద్మారాణి మొగుడితో మాట్లాడటం మానేసి, ఉన్న నాలుగు మాటలూ అల్మారీతో అనడం మొదలుపెట్టింది. "అమ్మా అల్మారీ, నీ మొగుడు బువ్వ తింటడట అడుగు."

అప్పుడు తెచ్చాను ఉమాకాంత్‌నూ సంధ్యనూ.

ఉమాకాంత్ బట్టల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడు. సిరిసిల్ల వాళ్లే, కానీ పుట్టి పెరిగింది లింబాయత్. లాక్‌డౌన్‌లో పెళ్లి చేసుకున్నారు. పెళ్లికి పదిమందిని కూడా రానీయలేదు కాబట్టి మంచం, బీరువా, గిన్నెలు ఇచ్చేవాళ్లే లేరు. ఫోనుకు దీవెనలు మాత్రం కుప్పలుగా వచ్చాయట. ఖాళీ ఇల్లు వాళ్లకు పనికిరాదు. సామాను ఉన్న ఇల్లే కావాలి.

సంధ్య గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి చూసి, "అరె వాహ్!" అంది. "ఆంటీ, కిత్నా మస్త్ హై! మా వదినె ఇంట్ల కూడ గిట్లాంటి ఝూలా లేదు. ఆమెకు ఫోటో పంపుత, కుళ్లి కుళ్లి చావాలె." అని ఉయ్యాల మీద ఒక ఊపు ఊగి, సోఫా మీద కూర్చుని, అల్మారీ అద్దంలో బొట్టు సరి చేసుకుని, చివరికి మంచం మీద వెల్లకిలా పడుకుంది. ఆమె ఒక్కో వస్తువు ముట్టుకుంటుంటే బ్రహ్మచారి ముఖం ఒక్కో రంగుకు తిరిగింది. మంచం దగ్గరికి వచ్చేసరికి ఇక రంగులు మిగల్లేదు.

"అంకుల్, గిది సేమ్ నా సైజే!" అని కేక పెట్టింది సంధ్య. "చూడు ఉమా, తల ఈడ, కాళ్లు ఆడ. కుట్టించినట్టున్నది."

ఉమాకాంత్ పక్కన వాలి చూశాడు. అతని కాళ్లు మడమల దాకా బయటికి వచ్చాయి. "అంకుల్, ఇది చిన్నగుంది కదా?"

"చిన్నగ లేదు! నువ్వే పొడుగున్నవ్," అని బ్రహ్మచారి విరుచుకుపడ్డాడు. "లేవుండ్రి, లేవుండ్రి. గా మంచం ఆయం వేరే. మీకు అచ్చిరాదు."

సంధ్య లేవలేదు. మోచేతి మీద వాలి, "ఆయం అంటె ఏంది అంకుల్?" అంది. ఆయన తన బోధ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఆ పిల్ల శ్రద్ధగా విన్నది. చదువుకున్న పిల్లలతో ఇదే చిక్కు, విని ఊరుకోరు.

"ఎవరి కోసం చేస్తె వాళ్ల చెయ్యితోటి కొలుస్తరు. అంతేనా?"

"అంతే."

"అయితే ఇది మీ చెయ్యి కొలత?"

"మరి ఎవరిది?"

"మీరు ఉమా అంత పొడుగున్నరు. మీ కాళ్లు కూడ బయటికే వస్తయి. తన కోసం తనే చిన్న మంచం ఎవరన్న చేసుకుంటరా అంకుల్?"

నిజమే, ఆ మనిషి మోకాళ్లు ముడుచుకుని పడుకోవడం నేను చూశాను, చెక్క సరిపోలేదేమో అనుకున్నాను. పద్మారాణి చేతిలో టీ గ్లాసుల పళ్లెంతో వంటగది దగ్గర నిలబడిపోయింది.

"చెప్పుండ్రి స్వామీ," అన్నాను. నిప్పు కనబడితే విసరడం నాకు అలవాటు. "ఎవరి చెయ్యి?"

బ్రహ్మచారి తన కుడి చేతి బొటనవేలు చూసుకున్నాడు. "అప్పుడు సుత్తె పడి ఏలు పలిగింది గదా. దవాఖానలన్ని కరోనాకే. గుడ్డ కట్టుకుని కూసున్న. జాన చాపరాలె."

"మరి?"

"మరేంది. ఇంట్ల ఇంకొక చెయ్యి ఉండె."

పద్మారాణి పళ్లెం కింద పెట్టింది. ఆ లాక్‌డౌన్ రోజుల్లో ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే, "గిటు రా, చెయ్యి చాపు" అని పిలిచేవాడట. ఆమె తిట్టుకుంటూ వచ్చి చెక్క మీద చెయ్యి చాపేది, ఆయన గీత గీసుకునేవాడు. మళ్లీ పిలిచేవాడు. ఆమె మళ్లీ తిట్టేది. పనివాళ్లు దొరకక తనను కూలిమనిషిని చేశాడని అప్పుడు నాతో ఫోనులో కూడా చెప్పుకుని ఏడ్చింది.

"నా జాన తోటి కొలిచినవా?" అంది.

"కొలిచిన."

"పేరు ఎవరిది కలిపినవ్?"

"చెయ్యి నీదైతె పేరు నాది కలుపుతరా? తెలివుండే అడుగుతున్నవా?" అని కసిరాడు. సిగ్గుపడినప్పుడు వడ్లవాళ్లు కసురుతారు.

"గీ మాట ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు దాని మీద తడి జుట్టేసుకుని పండుకుంటవు."

ఆమె కాసేపు మంచాన్నే చూసింది. నాలుగు కాళ్లూ, నల్లని పట్టెలూ, తల పలక మీద చెక్కిన మల్లెతీగ, ఏడాదికి పైగా సవతి అని తిట్టిన ఆ మంచాన్ని మొదటిసారి చూసినట్టు చూసింది. ఆ తర్వాత సంధ్యను చూసింది. సంధ్య ఇంకా మంచం మీదే, మోచేతి మీద వాలి, బాగా కుదిరిన మనిషిలా ఉంది.

"పిల్లా, లే," అంది పద్మారాణి.

"క్యా ఆంటీ?"

"లెవ్వుమంటున్న. నా మంచం మీదికెల్లి లే."

మొగుడు ఓర్వలేకపోతేనే గోడాదరా వేడెక్కింది. ఇప్పుడు పెళ్లానికి అంటుకుంది. సామానుతోటే ఇవ్వాలని నెలరోజులు పోరిన మనిషి, అంతా ఇస్తాను, మంచం ఒక్కటి ఇవ్వనంది. ఇక సంధ్యకు అంటుకుంది. ఉయ్యాల వద్దు, సోఫా వద్దు, మంచం ఒక్కటే కావాలంది.

"మంచం లేకుంటె ఇగ ఫర్నిచర్ ఏంది ఆంటీ? ఖాలీ ఘరే గదా!"

"నీకు చిన్నదైతె ఏంది, పెద్దదైతె ఏంది? నీ మొగని కాళ్లు బయటికొస్తున్నయి. వాని కాళ్లు వాడు చూసుకోనీ."

"మావి మేం చూసుకుంటం. కిరాయి ఇస్తున్నం గదా!"

"కిరాయి ఇల్లుకు. చెయ్యి నాది."

బ్రహ్మచారి ఉలిక్కిపడ్డాడు. తన మాట పెళ్లాం నోట్లో వినబడితే ఏ మొగుడైనా ఉలిక్కిపడతాడు. మధ్యలో దూరి, "పద్మా, ఇను. మంచం దర్వాజలకెల్లి రాదే. నలుగురం లేపినం. ఉండనియ్యి. ఈ పిల్ల మంచిదే, నూనె తక్కువనే రాస్తది," అని బతిమాలాడు. చూడండి ఆయన గతి, ఎవరినీ పడుకోనీయని మంచానికి తనే మనిషిని సిఫార్సు చేయవలసి వచ్చింది. కిమ్ ఫోను జేబులో మళ్లీ మోగింది.

"రాకుంటె దర్వాజ తియ్యి," అంది పద్మారాణి.

ఆయన తిరిగి దర్వాజ వైపు చూశాడు.

ఆ దర్వాజ సంగతి మీకు చెప్పాలి. బ్రహ్మచారి ఆ ఇల్లు కొన్నప్పుడు నాలుగు గోడలూ ఒక రంధ్రమూ ఉన్నాయి. అందులో ముందు నిలబెట్టింది దర్వాజ, అంటే తలుపు చుట్టూ ఉండే చెక్క ద్వారబంధం. సూరత్ వచ్చాక ఆయన తన కోసం చేసుకున్న మొట్టమొదటి పని అదే. తన జానతో కొలిచి, తన పేరుకు ఆయం కలిపి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి నిలబెట్టాడు. గోడాదరాలో ఆ గల్లీ అంతా ఇనుప గేట్లే, చెక్క దర్వాజ ఆ ఒక్క ఇంటికే. సేట్ల ఇళ్లలో పని అయ్యాక కడుపుమంటతో వచ్చిన రోజుల్లో ముందు ఆ దర్వాజకు చెయ్యి ఆనించి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. ఆ దర్వాజ తీయాలంటే కోయాలి. కోస్తే మళ్లీ అది అది కాదు.

"పద్మా, దర్వాజ నా కొలత," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

"తెలుసు."

"దాన్ని కొయ్యమంటున్నవ్."

"నేను కొయ్యమంటలే. మంచం రావాలంటున్న. రెండిట్ల ఏది ఉంచుకుంటవో నీ ఇష్టం." ఆమె గొంతు కూడా గట్టిగా లేదు. "గీ మంచం మీద ఆ పిల్ల పండుతది అనుకుంటె నాకు కిమ్‌ల నిద్ర రాదు. నీకు తెలుసు గా మంట ఎట్లుంటదో. నా కంటె నీకే ఎక్కువ తెలుసు."

ఉమాకాంత్, సంధ్య గోడకు ఆనుకుని నిలబడ్డారు. బ్రహ్మచారి గడప దగ్గర కూర్చున్నాడు. దాని మీద ఎండిన పసుపును బొటనవేలితో గీకాడు. నిలువు చెక్కల మీద చెయ్యి పెట్టి కింది నుంచి పైకి నిమిరాడు, గుర్రాన్ని నిమిరినట్టు. ఇక వద్దంటాడని నేను అనుకున్నాను. నేను అనుకున్నది జరగకపోవడం అరుదు.

ఆయన లేచి లోపలికి పోయి రంపం తెచ్చాడు.

"రఘుపతీ, జర పైన పట్టు. మీద పడకుంట."

పట్టుకున్నాను. నేనొక్కణ్నే పట్టుకున్నాను, గోడాదరా మొత్తం చూస్తుండగా ఆ గోడ నా చేతుల మీద నిలబడింది. రంపం చెక్కలోకి దిగుతున్నంతసేపూ ఆయన ఎవరి వైపూ చూడలేదు. మూలలు తెగాయి, నిలువు చెక్కలు ఊడివచ్చాయి, కొంత సిమెంటు రాలింది. గడప చెక్కను మాత్రం తనే ఒంటరిగా లేపి, గోడ పక్కన నిలబెట్టి, పైన తన కండువా కప్పాడు. పద్మారాణి దగ్గరికి వచ్చింది. కండువా కొస జారితే సరి చేసింది.

ఇక మంచం బయటికి రావడం చూడాలి మీరు! గోడకు ఇంత నోరు తెరుచుకుని ఉంటే, అది పెళ్లికూతురిలా మెల్లగా దిగివచ్చింది. గల్లీ అంతా మాస్కులు గడ్డం కిందికి జార్చుకుని నోళ్లు తెరిచింది. ఎదురింటి నర్సవ్వ వచ్చి మల్లెతీగ చెక్కడం తడిమి, ఎవరి కోసం చేశాడో విని, ఇంట్లో ఉన్న మొగుడిని పేరు పెట్టి పిలిచి మరీ తిట్టింది. "ముప్పై ఏండ్లాయె, నా చెయ్యి ఎంతుంటదో చూసినవా ఎన్నడన్న? చెంపదెబ్బ తిన్నప్పుడన్న కొలుచుకోవద్దా!" ఆ సాయంత్రం గోడాదరాలో చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు అన్నం వండలేదని విన్నాను. నేను చెప్పడం వల్లే ఆ వార్త లింబాయత్ దాకా పాకింది.

బ్రహ్మచారి కిమ్‌కు పోవడానికి రెండు రోజులు గడువడిగి, పాత చెక్కనే అతికి, కొత్త ముక్కలు కలిపి, వెడల్పాటి దర్వాజ నిలబెట్టాడు. ఈసారి టేపుతో కొలిచాడు. సంధ్య తన చెయ్యి ముందుకు చాపి, "అంకుల్, మేం ఉండే ఇల్లు గదా, నా జాన తోటి కొలువుండ్రి" అంది. పద్మారాణి లోపలి నుంచే, "చెయ్యి తీయి పిల్లా" అంది. సంధ్య తీసింది. మంచం లేకుండానే ఇల్లు తీసుకోవడానికి ఒప్పుకుంది. ఎందుకంటే గల్లీలో అంత వెడల్పు దర్వాజ ఇంకెవరికీ లేదు, దాని ముందు నిలబడి ఫోటో తీసుకుని వదినెకు పంపవచ్చు. పంపింది కూడా. వదినె ఫోను ఎత్తడం లేదట.

మంచాన్ని టెంపోకు ఎక్కించాం. పద్మారాణి ముందు సీట్లో కూర్చోనంది. వెనక మంచం మీద, తల పలకకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. పొద్దునే తలస్నానం చేసింది, జుట్టు నీళ్లు కారుతూ చెక్క మీద పరుచుకుని ఉంది. బ్రహ్మచారి చూశాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని డ్రైవరు పక్కన ఎక్కాడు.

వాళ్లను సాగనంపడానికి నేను ఆటోలో వెనకాలే కిమ్ దాకా వెళ్లాను. ఆ హైవే మీద లారీలన్నిటినీ దాటేశాను, టెంపోను మాత్రం గౌరవం కొద్దీ దాటలేదు. అందుకే చూడగలిగాను. ఆమె ఒక అరచేయి మంచం పట్టె మీద పరిచి, బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా చాపి, మెల్లగా ఒక్కో జాన లెక్కపెట్టుకుంటూ కాళ్ల వైపు జరుగుతోంది. ముందు సీటు వెనక ఉన్న అద్దంలోంచి బ్రహ్మచారి మెడ తిప్పి చూస్తున్నాడు. ఆమె ఒక్కసారైనా తన వైపు చూస్తుందేమోనని చూస్తున్నాడు. ఆమె చూడలేదు. ఆయన ముఖం నాకు బాగా తెలుసు. సేటు ఉయ్యాల మీద బనియన్లు చూసి వచ్చిన రోజు కూడా అంత మండలేదు.

"డ్రైవర్ సాబ్, జర రోకో," అని కేక పెట్టి, రోడ్డు పక్కన టెంపో ఆపించి, దిగి వెనక్కి వచ్చాడు. "జరుగు," అన్నాడు పెళ్లాంతో.

"ఎక్కడికి జరగాలె? నా కొలతే ఉన్నది," అంది పద్మారాణి.

అయినా కాళ్లు ముడుచుకుంది.